మైకు గారి పలక

ఫిబ్రవరి 9

మాటలమ్మకి మతి పోయింది. (స్పీచ్ థెరపిస్టు అనడానికి నాకు నోరు తిరగదు. ఇక్కడ మాటలమ్మ అనే రాసుకుంటాను.) మాట పడిపోయిన మనిషికి ట్యాబ్, అదే ఆ గాజు పలక, కావాలట. దాని నిండా బొమ్మలు పెడతారట, ఆయన బొమ్మ మీద నొక్కితే అది మాట్లాడుతుందట.

"ఫోనుంది కదమ్మా" అన్నాను. బొమ్మలు చిన్నవైపోతాయంది. "పోనీ కంప్యూటరు?" అన్నాను. దానికి అక్షరాలు కావాలి, ఆయనకి ఇంకా అక్షరాలు కుదురుకోలేదంది. అన్నిటికీ సమాధానం ఉంది ఆవిడ దగ్గర. అదృష్టవంతురాలు.

ట్యాబ్ అంటే రెంటికీ చెడ్డ రేవడి. జేబులో పట్టదు. చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడితే చూసినవాళ్ళు నవ్వుతారు. టైపు చేద్దామంటే మీటలుండవు. బస్సులో ఏడ్చే పిల్లల నోరు మూయించడానికి తప్ప అది ఎందుకు పనికొస్తుందో నాకు ఇంతవరకూ తెలీదు. ఇప్పుడు దాంతో మా ఆయన నోరు తెరిపిస్తారట.

పైగా, ఆ వస్తువంటే ఆయనకి ఎంత మంటో మాటలమ్మకేం తెలుసు?

ఈ డైరీ మార్కెట్ కమిటీ వాళ్ళిచ్చింది. ప్రతి పేజీ పైన ఒక సూక్తి అచ్చేశారు. ఇవాళ్టిది "మౌనం బంగారం." రాసినవాణ్ణి ఒక్క పూట మా ఇంటికి పంపండి.

ఫిబ్రవరి 10

డాక్టరు చెప్పిన మాట మళ్ళీ గుర్తొచ్చింది. "అన్నీ అర్థమవుతాయమ్మా, మాట ఒక్కటే రాదు." ఏదో కూరలో ఉప్పు ఒక్కటే తగ్గిందన్నట్టు.

అన్ని మాటలూ పోయి ఒక్క మాట మిగిలింది. అదేమిటో లోకానికంతా తెలుసు. ముప్పై ఏళ్ళు మార్కెట్లో అరుగు మీద నిలబడి టమాటాలకీ ఉల్లిపాయలకీ వేలం వేసిన మనిషి. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి పేరే మైకు అయిపోయింది. ధర మూడుసార్లు చెప్పి, బల్ల మీద అరచేత్తో చరిచి "సరే!" అన్నాడంటే బేరం తెగినట్టే. ఆ తర్వాత రైతు ఏడ్చినా, వ్యాపారి అరిచినా వెనక్కి పోయేది లేదు. "మైకు సరే అంటే సరే" అని మార్కెట్లో సామెత.

అక్టోబరులో పక్షవాతం వచ్చి పడిపోయాక ఆ "సరే" ఒక్కటే మిగిలింది. తింటారా? సరే. ఫ్యాను వెయ్యనా? సరే. ఆపనా? సరే.

కానీ నేను కళ్ళు చూసి చెప్పగలను. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని. ఏ సరే అసలు సరేనో, ఏది కాదో నాకు తెలుస్తుంది. నాకు పలకా గిలకా అక్కర్లేదు.

ఫిబ్రవరి 13

మరిది వచ్చాడు. వాడి దృష్టిలో ప్రపంచంలో ఉన్న రోగాలన్నిటికీ ఫోనే మందు.

"ట్యాబ్ దండగ వదినా. అందులో ఉండేవన్నీ ఫోన్లోనే ఉంటాయి. చూడు" అని ఆయన ఫోన్లో బొమ్మలేవో ఎక్కించాడు. కుడిచెయ్యి లేవదు కదా, ఎడమచేతి బొటనవేలు ముందుకు చాపారు. ఆ వేలు ఎలాంటిది? బస్తాలు నొక్కి నొక్కి సగం కొబ్బరిచిప్పంత అయిన వేలు. "నీళ్ళు" నొక్కబోతే "నీళ్ళు", "నొప్పి" రెండూ పడ్డాయి. నేను కంగారుపడి ఎక్కడ నొప్పి, ఎక్కడ నొప్పి అని ఒళ్ళంతా తడిమాను. మనిషికి దాహం, అంతే.

రెండోసారి నొక్కేలోపు ఎవరో రైతు ఫోన్ చేశాడు. బొమ్మలన్నీ మాయమై గంట మోగింది. ఆయన ఉలిక్కిపడి ఫోను వదిలేశారు, అది మంచం కిందికి పోయింది. మరిది కాళ్ళు బారజాపి మంచం కింద దూరి వెతుకుతుంటే ఆయన నా వైపు చూసి "సరే" అన్నారు. ఈ ఇల్లు కట్టాక నేను అంత నవ్వింది లేదు. ఆ తర్వాత ఎందుకో ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 16

ఇవాళ లాప్‌టాప్ వంతు. అదీ మరిదిదే, పాతది. మంచం మీద పెడితే బోర్లా పడుతుంది. ఒళ్ళో పెడితే తొడ కాలుతుంది. ఆయన ఆ మీటల వంక చీమల బారును చూసినట్టు చూశారు. ఒక్కప్పుడు లారీ నంబరు దూరం నుంచే చదివిన మనిషి.

"నేర్చుకుంటాడులే వదినా, టైము పడుతుంది."

"నీకు నేర్చుకోవడానికి టైముంది. ఆయనకి ఇప్పుడు ఉచ్చ వస్తే ఇప్పుడే చెప్పాలి" అన్నాను. వాడి మొహం మాడిపోయింది. మాడనీ.

ఫిబ్రవరి 19

అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

మరిది పళ్ళు పట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వదినా, అన్నయ్య సరే అన్నాడు."

"దేనికి?"

"అరుగు నాకివ్వడానికి. మొన్న నువ్వు మందుల షాపుకి వెళ్ళినప్పుడు అడిగాను. మూడుసార్లు అడిగాను వదినా, మూడుసార్లూ సరే అన్నాడు. పక్కింటాయన విన్నాడు."

మార్కెట్లో అరుగు, అంటే అక్కడ వేలం వేసే హక్కు, చేతులు మారడానికి కాగితం ఉండదు. ఉన్నవాడు సెక్రటరీ ముందు నోటితో చెప్పాలి, మూడుసార్లు. అక్కడంతా నోటిమాటే. ఆ సెక్రటరీ వచ్చే నెల మూడో తారీఖున ఇంటికొచ్చి వింటాడట. మైకు సరే అంటే సరే.

"ఆయన దేనికైనా సరే అంటాడని నీకు తెలీదూ?" అని అరిచాను.

వాడు నెమ్మదిగా అన్నాడు. "మరి మీ అమ్మాయిని అన్నయ్య రమ్మన్నాడని నువ్వు చెప్పావు కదా వదినా. అదే సరే కదా?"

వాణ్ణి పళ్ళతో సహా బయటికి పంపించాను.

ఆ సరే వేరు. నేను అడిగినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సరే వేరు.

అరుగు పోతే ఆయన లేవరు. నాకు తెలుసు. రోజూ కర్ర పట్టుకుని గోడ వెంబడి నడిచేది దేనికనుకున్నారు? వీధి చివరిదాకా నడవగలిగితే మార్కెట్టుకి పోవచ్చని. ఆ అరుగు కూడా లాగేస్తే ఇక గోడ దగ్గరికి కూడా పోరు.

ఫిబ్రవరి 20, ఆదివారం

అమ్మాయి వచ్చింది. చేతిలో పలక. మాటలమ్మ దానికి ఫోన్ చేసి చెప్పిందట. నాతో కాదు, దాంతో!

అమ్మాయి మొదట్లో నాన్న పక్కనే అరుగు మీద కూర్చుని ధరలు రాసేది. ఆయనకి అదంటే ప్రాణం. "నా గొంతు, దీని బుర్ర, ఇంకెవడికి దడవాలి" అనేవారు. పోయిన వేసవిలో అది కంపెనీలో చేరింది. కంపెనీవాళ్ళు రైతుల పొలాలకే పోయి కొంటారు, మార్కెట్టుతో పని లేదు. పలక చేత్తో పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, అందులో ధర నొక్కుతారు. వేలం లేదు, అరుపు లేదు, "సరే" లేదు. ఆ పలకలు తిరిగినన్నాళ్ళూ అరుగు మీదికొచ్చే బుట్టలు తగ్గుతూ పోయాయి.

ఆయన మార్కెట్టు నడిమధ్యన, అందరూ వింటుండగా, ఆ గొంతుతో అన్నారు. "నా గడప తొక్కితే ఊరుకోను." అది తొక్కలేదు. మేం ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా కింద మెట్ల దగ్గరే నిలబడింది, పైకి రాలేదు.

డిసెంబరులో నేను ఆయన్ని అడిగాను, అమ్మాయిని రమ్మననా అని. సరే అన్నారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వస్తోంది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. వెలుతురు కోసం.

ఇవాళ అది పలక తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "నాన్నా, ఇది కంపెనీది కాదు, నీ కోసం కొన్నాను." ఆయన ఎడమచేత్తో ఒక్క తోపు తోశారు. నేల మీద పడి మూల పగిలింది. అమ్మాయి కిందికి వంగింది. గాజు పెంకులేమైనా ఉన్నాయేమోనని నేల తడిమి, పలక తుడిచి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

"కొత్త వస్తువు కదా, భయపడ్డారు" అని చెప్పాను దానికి.

ఫిబ్రవరి 21

బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఫిబ్రవరి 25

మాటలమ్మ వచ్చి తీయించింది. ఆవిడ గొంతు పెంచదు, కానీ తను చెప్పింది జరిగేదాకా కుర్చీలోంచి లేవదు. ఇలాంటివాళ్ళతో దెబ్బలాడటం కష్టం.

ఒక్కో పేజీకి ఆరుకి మించకుండా బొమ్మలు, ఒక్కోటి అరచెయ్యంత. కావాలి, వద్దు, నీళ్ళు, పాలు, నొప్పి, కోపం. ఇంకో పేజీలో పని, టీవీ, కూర్చో, వెళ్ళు. ఇంకో పేజీలో మనుషులు. తమ్ముడి ఫొటో, అమ్మాయి ఫొటో, అరుగు ఫొటో, ఆయన ఫొటో కింద "నేను". నా ఫొటో అడిగింది. వద్దన్నాను. నేను చచ్చేదాకా పక్కనే ఉంటాను, నన్ను పిలవడానికి బొమ్మెందుకు?

బొమ్మ నొక్కితే మాట్లాడేది ఎవరో ఆడపిల్ల. ఎంత మర్యాద! విమానంలో బెల్టు పెట్టుకోమని చెప్పే గొంతు. మార్కెట్టు పైకప్పు మీది పావురాల్ని లేపిన మైకుకి ఈ గొంతా?

ఆయన ముట్టుకోలేదు. మాటలమ్మ కూడా బలవంతపెట్టలేదు. పలక ఒళ్ళో పెట్టి నాతో వాతావరణం గురించి మాట్లాడుతూ కూర్చుంది. సాయంత్రమైంది కదా, నేను అలవాటుగా పాలు కాచి పంచదార వేసి తెచ్చాను. "తాగుతారా?" అన్నాను.

"సరే" అన్నారు. అంటూనే ఎడమచెయ్యి పలక మీద పడింది.

"పాలు," అంది విమానం పిల్ల. "వద్దు."

నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆయన మళ్ళీ నొక్కారు. "పాలు. వద్దు. వద్దు. వద్దు."

అక్టోబరు నుంచి రోజూ తాగిస్తున్నాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నోటి దగ్గర పట్టుకుని, చివర్లో కొంగుతో మూతి తుడిచి. ఎంత ఇష్టమో అని అందరికీ చెప్పాను. మాటలమ్మకి కూడా.

మాటలమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంది. నాకు కనపడదనుకుంది.

ఫిబ్రవరి 26

పాలు ఒక్కటే అయితే పోనీలే అనుకునేదాన్ని. నీలం చొక్కా వద్దు. టీవీలో ఆ సీరియలు వద్దు. పక్కింటాయన వచ్చి పేపరు చదవడం వద్దు. ఇవన్నీ నేను కళ్ళు చూసి తెలుసుకున్నవి!

పొద్దున్నుంచీ పలక ఒళ్ళోంచి దించలేదు. నేలకేసి కొట్టినవాడే ఇప్పుడు చంటిపిల్లాడిలా పొదువుకున్నాడు. ఫోనయితే ఆయన ఒక్కరే చూసుకునేవారు. దీన్ని మధ్యలో పెట్టుకుంటే ఇద్దరం తలలు వంచి చూడొచ్చు, ఆయన వేలు ఎటు పోతోందో నాకు ముందే తెలుస్తుంది. ఏ బొమ్మ మీద ఆగిందో, ఏ బొమ్మ మీంచి వెనక్కి వచ్చిందో కూడా. ఒప్పుకుంటున్నాను, పనికొస్తుంది. ఒప్పుకుంటే చాలదా, మెచ్చుకోవాలా ఏంటి?

అమ్మాయి సంగతి తప్ప అన్నీ అడిగాను.

ఫిబ్రవరి 27, ఆదివారం

అమ్మాయి వచ్చింది. నేను పలక దుప్పటి కింద పెట్టాను. ఛార్జింగ్ లేదని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇవాళ మబ్బు పట్టింది.

మూడో తారీఖున సెలవు పెట్టి వస్తానంది. "బాబాయి అన్యాయంగా అరుగు లాక్కుంటుంటే నేను ఇంట్లో కూర్చోవాలా?" అంది. చూశారా, కంపెనీలో చేరినా రక్తం ఎక్కడికి పోతుంది?

ఫిబ్రవరి 28

ఇవాళ అడుగుదామనుకున్నాను. దుప్పట్లు ఉతికే పని పడింది.

మార్చి 1

ఇవాళ్టి సూక్తి "అడిగితేనే తెలుస్తుంది." ఈ డైరీని పొయ్యిలో పెట్టాలి.

మార్చి 3

ఏం జరిగిందో వరసగా రాస్తాను. నాకే రేపు గుర్తుండదు, లేదా గుర్తు లేనట్టు నటిస్తాను.

సెక్రటరీ వచ్చాడు. పెద్దమనిషే, ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. మరిది నిలబడే ఉన్నాడు. పక్కింటాయన సాక్షిగా తగలడ్డాడు. అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మైకన్నా," అన్నాడు సెక్రటరీ, "అరుగు తమ్ముడికి ఇస్తున్నావా?"

"సరే" అన్నారు ఆయన.

"ఒకటి" అన్నాడు సెక్రటరీ.

నాకు కోపం నెత్తికెక్కింది. పలక ఉంది, పక్కనే ఉంది. నెమ్మదిగా ఆయన ఒళ్ళో పెట్టి, బొమ్మ చూపించి అడగొచ్చు. మాటలమ్మ అయితే అలాగే చేసేది. నేను మాటలమ్మని కాదు.

ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఏమండీ, మీరు గాడిదా?" అన్నాను.

"సరే."

"మీ తమ్ముడు మీ పెళ్ళామా?"

"సరే."

పక్కింటాయన కిసుక్కున నవ్వాడు. సెక్రటరీ కూడా మీసం కింద నవ్వాడు. నాకు ఊపు వచ్చేసింది. "మార్కెట్టు తగలబెడదామా?" సరే. "ఈ సెక్రటరీ గారిని బావిలో తోసేద్దామా?" సరే. "నేను చచ్చిపోనా?"

"సరే."

నవ్వు ఆగిపోయింది. ఆయన నన్ను చూస్తున్నారు. మొహం ఎర్రగా అయింది, కింది పెదవి వణుకుతోంది. మళ్ళీ నోరు తెరిచారు, ఇంకేదో అనాలని మెడ నరాలు బిగించి మరీ ప్రయత్నించారు. "సరే" అనే వచ్చింది. అందరి ముందూ, ముప్పై ఏళ్ళు ఆయన మాటకి తల వంచినవాళ్ళ ముందు.

"చూశారా?" అన్నాను సెక్రటరీతో. నా గొంతు నాకే నచ్చలేదు. "ఇదీ మీ సరే. దీన్ని పట్టుకుని బేరం తెగ్గొడతారా?"

అప్పుడు పలక తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఆయన చాలాసేపు దాన్ని చూడలేదు. చూశాక, మనుషుల పేజీ తీశారు.

"అరుగు," అంది పలక. "నేను."

"యంత్రం చెబితే మాటవుతుందా సెక్రటరీ గారూ?" అన్నాడు మరిది. "చీకటితో లేచి అరుగు ఊడ్చేది నేను. రైతుల తిట్లు తినేది నేను. ఒక చెక్కముక్క చెబితే నేను పరాయివాణ్ణయిపోయానా?"

ఆయన వాడి వైపు చూశారు. "తమ్ముడు" నొక్కారు. పేజీ తిప్పి "పని" నొక్కారు. మళ్ళీ వెనక్కి వచ్చి "అరుగు. నేను." ఒక్క తప్పు పడలేదు. నాలుగో బొమ్మ నొక్కేసరికి మరిది వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"పని తమ్ముడిది, అరుగు మైకుది," అన్నాడు సెక్రటరీ. "బొమ్మతో చెప్పినా మనిషి చెప్పినట్టే. నేను విన్నాను." పొద్దున్నే మార్కెట్లో అదే మాట చెబుతానని లేచాడు.

గెలిచాను. గెలిచి వెనక్కి తిరిగితే అమ్మాయి గుమ్మంలో అలాగే ఉంది.

"నన్ను రమ్మన్నప్పుడు కూడా ఇలాగే అడిగావా అమ్మా?"

"అది వేరే."

"ఎలా వేరే?"

నేను ఆయన ఒళ్ళోంచి పలక తీయబోయాను. అది లోపలికొచ్చి, నాన్న వైపు చూడకుండా, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఈ గడప తొక్కనందుకు అన్ని నెలలు ఏడ్చింది. ఇప్పుడు తొక్కినందుకు ఏడుస్తూ పోయింది. దాన్ని పంపింది మరిది కాదు, ఆయన కాదు.

మార్చి 4

ఫోన్ ఎత్తలేదు.

మార్చి 5

ఫోన్ ఎత్తలేదు. ఆయన పలక ముట్టుకోలేదు, నా వంక చూడలేదు. స్నానం చేయిస్తుంటే కళ్ళు మూసుకున్నారు. ఏమీ అడగను, అడిగితే సరే అంటారు. ఈ ఇంట్లో ఆ మాట ఇంక నేను వినలేను.

ఎవరి మీద కోపమో తెలియక పక్కింటాయన్ని తిట్టాను. పేపరు చదవడానికి ఇంక రానక్కర్లేదన్నాను. ఆయన వెళ్ళిపోతుంటే మా ఆయన మొదటిసారి నా వైపు చూశారు. కాస్త సంతోషంగానే చూశారనుకుంటాను. కాదు, ఇలాంటివి ఇక అనుకోకూడదు.

మార్చి 6, ఆదివారం

రాలేదు. ఆయన పొద్దున్నే కుర్చీ ఇటు తిప్పించుకుని, వీధి తలుపుకి ఎదురుగా కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా.

వెలుతురు కోసం అని రాయబోయి కొట్టేశాను.

మార్చి 7

ఇవాళ ఆయనే కర్రతో పలక వైపు చూపించారు. ఛార్జింగ్ పెట్టి ఇచ్చాను. మనుషుల పేజీ తీశారు.

"అమ్మాయి."

చేతిలో పని వదిలేశాను. పక్కన కూర్చున్నాను. ఆయన వేలు పేజీలు తిప్పింది, ఆగింది.

"కోపం."

"ఇంకానా?" అన్నాను. "ఇన్నాళ్ళు ఆదివారం ఆదివారం వచ్చి మీ వీపుకి దండం పెట్టి పోయింది. ఇంకా కోపమేనా? మీరు మనిషేనా?"

"అమ్మాయి. కోపం." ఇంకోసారి. "అమ్మాయి. కోపం." తర్వాత ఇంకేదో వెతుకుతూ పేజీలు అటూ ఇటూ తిప్పారు. నేను పలక లాక్కున్నాను. నాకు వినే ఓపిక లేదు.

వంటింట్లోకి పోయి అమ్మాయికి ఫోన్ చేశాను. మోగగా మోగగా ఎత్తింది. "నాన్న రమ్మంటున్నాడు" అన్నాను. నోరు అలవాటు పడిపోయింది.

"నువ్వు చెప్పకమ్మా," అంది. "ఆయన చెబితే వింటాను. వద్దంటే వద్దనే వింటాను. నువ్వు మాత్రం మధ్యలో చెప్పకు."

మార్చి 8

పలక తిరిగి ఒళ్ళో పెట్టాను. నొక్కలేదు. లాక్కున్న చేత్తోనే ఇస్తే తీసుకుంటారా? రేపు సాయంత్రం వస్తానని అది కబురు పెట్టింది. వచ్చి ఏం వినాలో నాకు ముందే తెలుసు. "అమ్మాయి. కోపం." విమానం పిల్ల మర్యాదగా చెబుతుంది.

మార్చి 9

పాలు పొయ్యి మీద పెట్టాను, అమ్మాయికి కాఫీకి. అది వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది, చెప్పులు కూడా విప్పలేదు.

"నాన్నా, నేను రావాలా, వద్దా? నువ్వే చెప్పు."

నేను నోరు మూసుకున్నాను. ఎలా మూసుకున్నానో నాకు తెలుసు, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆయన నొక్కారు. "అమ్మాయి. కోపం."

అమ్మాయి తల ఊపింది. "తెలుసు."

"కోపం. కోపం." పక్కన మీట నొక్కి గొంతు పెంచారు. ఆ మీట ఎప్పుడు నేర్చుకున్నారో. "కోపం!" అంది పలక, వీధిలోకి వినపడేలా. అమ్మాయి కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది. ఆయన కంగారుగా పేజీ తిప్పారు, తప్పు పేజీ. మళ్ళీ తిప్పారు, "టీవీ" అంది. పళ్ళు బిగించి, వేలు ఎత్తి, గురి చూసి నొక్కారు.

"కూర్చో."

అది ఆగింది.

"కూర్చో," అంది పలక మళ్ళీ. ఆయన దాని కళ్ళలోకే చూస్తున్నారు. "కూర్చో."

మూడోసారి అయ్యాక పలక పక్కన పెట్టి, ఎడమ అరచేత్తో బల్ల మీద చరిచారు. బల్ల దద్దరిల్లింది. "సరే!" అన్నారు. ఆయన నోటితో, ఆయన గొంతుతో, మార్కెట్టు గొంతుతో.

ముప్పై ఏళ్ళు వేలం వేసిన మనిషి. పక్కన కూర్చుని ధరలు రాసిన పిల్ల. దానికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. చెప్పులు విప్పి, వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన కోపం పోలేదు, అయినా కూర్చోమన్నారు. మొన్న ఆయన పేజీలు తిప్పుతూ వెతికింది ఈ బొమ్మ కోసమే. నేను లాక్కున్నాను.

ఇద్దరూ కాసేపు ఏడ్చారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆయన నన్ను వేలితో చూపించి, తర్వాత పలకని చూపించారు. మళ్ళీ నన్ను, మళ్ళీ పలకని.

"నీ ఫొటో పెట్టమంటున్నాడమ్మా" అంది అమ్మాయి. పలక ఎత్తి నా వైపు పట్టింది. "నవ్వు."

"ఎందుకు నవ్వాలి?" అన్నాను. అదే మొహం పడింది.

"కింద ఏమని పెట్టను? అమ్మ అనా?"

నేను ఆయనకి అమ్మని కాదు కదా. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఇదిగో అని పెట్టు," అన్నాను. అది నవ్వుతూ పెట్టింది.

ఆయన నా మొహం మీద నొక్కారు. "ఇదిగో," అంది విమానం పిల్ల.

"ఆఁ, చెప్పండి," అన్నాను. అలవాటుగా వచ్చేసింది. అక్టోబరు తర్వాత నన్నెవరూ అలా పిలవలేదు.

"కోపం," అన్నారు.

గాడిద గుర్తొచ్చింది. పాలు గుర్తొచ్చాయి. "నాకు లేదనుకుంటున్నారా?" అన్నాను. "నాకు మీ మీదా ఉంది, మీ తమ్ముడి మీదా ఉంది, ఆ డాక్టరు మీదా ఉంది. మీరు ఒక్క బొమ్మ నొక్కి చెప్పేశారు. నేనెక్కడ నొక్కాలి?"

ఆయన అంతా విన్నారు. ఈసారి పేజీ తప్పలేదు.

"ఇదిగో. కూర్చో."

కూర్చున్నాను. వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు వినపడింది. అమ్మాయి లేవబోయింది. పోనీవే, అన్నాను. ఎలాగూ ఈ ఇంట్లో తాగేవాడు లేడు.